చెట్టు మొదలు నుంచి మొవ్వు దాకా: సిక్కోలు తీరంలో కొబ్బరి, తాడి, ఈత చెట్లను గమనించే పద్ధతి

సిక్కోలు, అంటే శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు, విజయనగరం జిల్లాది 28. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఏ ఊరి దగ్గర సముద్రానికి దిగినా ముందు ఇసుక, తర్వాత సరుగుడు, వెనకాల కొబ్బరి, ఇంకా వెనక తాడి కనిపిస్తాయి. ఈ తీరం నుంచే చాలా కుటుంబాలు అండమాన్ వెళ్లి స్థిరపడ్డాయి. వాళ్లని చూడ్డానికి విశాఖలో ఓడెక్కి వెళ్లినవాళ్లు అక్కడా కొబ్బరి చెట్టు కింద ఫొటో దిగి వస్తారు. ఫొటోలో రెండు తీరాలూ ఒకేలా ఉంటాయి గానీ ఇసుక వేరు, అల వేరు, చెట్ల వరుస వేరు. ఆ తేడా పట్టుకునే చూపు ఇంటి దగ్గరే అలవాటు కావాలి. ఒకే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లడానికి వీలుండేది ఇక్కడే కదా.

1. వేళ, తిథి చూసుకుని బయల్దేరండి

మన సముద్రంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ ఉదయం 6కి పోటు ఉంటే రేపు 6.50 ప్రాంతంలో ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాతి ఒకటి రెండు రోజులు నీరు బాగా పైకొచ్చి బాగా వెనక్కి పోతుంది. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ. సముద్ర సమాచారం అందించే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే పోటుపాట్ల పట్టికలో విశాఖపట్నం వేళలు చూసుకుంటే మనకు సరిపోతుంది. పాటు పూర్తయ్యే వేళకు రెండు గంటల ముందు తీరానికి చేరండి. నీరు తగ్గుతూ ఉండగా నడిస్తే తడి ఇసుక అంతా మీదే, వెనక్కి రావడానికి తొందరా ఉండదు.

వెలుగు సంగతి చాలామంది పట్టించుకోరు. కళింగపట్నం నుంచి బారువ దాకా తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, అంటే సముద్రం మనకు ఆగ్నేయంగా ఉంటుంది. డిసెంబరులో సూర్యుడు దాదాపు ఎదురుగా నీళ్లలోంచి లేస్తాడు. జూన్‌లో బాగా ఎడమకు జరిగి, తీరం గీతకు దగ్గరగా లేస్తాడు. ఏ నెలలోనైనా ఉదయం 8.30 లోపు సముద్రానికి వీపు పెట్టి తోటల వైపు చూడండి. వెలుగు నేరుగా చెట్ల మీద పడి కాండం మీది మచ్చలు, మట్టల రంగు స్పష్టంగా తెలుస్తాయి. సాయంత్రం 4 దాటాక అదే చోట నిలబడితే చెట్లు పడమటి ఆకాశం మీద నల్లటి ఆకారాలుగా కనిపిస్తాయి. రంగు తెలియదు గానీ తలకట్టు ఆకారం, వంపు పోల్చుకోవడానికి అంతకన్నా మంచి వేళ లేదు. మబ్బు లేని రోజున బారువ, మందస వైపు వెనకాల 1,501 మీటర్ల మహేంద్రగిరి కూడా కనిపిస్తుంది.

2. సంచిలో ఏముండాలి

5 మీటర్ల టేపు, సరిగ్గా 1 మీటరు పొడవున్న కర్ర, ఫోన్‌లో దిక్సూచి, చిన్న అయస్కాంతం, నిమ్మకాయ ముక్క లేదా చిన్న సీసాలో వెనిగర్. 8×42 బైనాక్యులర్ ఉంటే చెట్టెక్కకుండానే తలకట్టు చూడొచ్చు. లేకపోతే ఫోన్ కెమెరా జూమ్‌తో సర్దుకోవచ్చు. రాసుకోవడానికి పెన్ను కాదు, పెన్సిల్. ఉప్పు తేమకు సిరా పాకిపోతుంది. దిక్సూచి చూసేటప్పుడు బైకుకీ కరెంటు స్తంభానికీ పది అడుగుల దూరం జరగండి, ఇనుము దగ్గర సూది తప్పు చూపిస్తుంది.

3. నీటి అంచు నుంచి లోపలికి నడవండి

చెట్ల దగ్గర మొదలుపెట్టి నీళ్ల వైపు పోతే అంతా ఒకేసారి కళ్లలో పడి ఏదీ నిలవదు. ఎదురు దిక్కున రండి.

మొదట చెత్త గీత. పోటు వదిలేసిన పుల్లలు, సరుగుడు కాయలు, మొగలి పండు తొనలు, కొబ్బరి పీచు ఒక వరుసగా పడి ఉంటాయి. నిన్నటి పోటు గీత కింద ఉంటుంది, పౌర్ణమి పోటుది దాని పైన, వాయుగుండం నాటిది అన్నిటికన్నా పైన. ఏదైనా కదలని గుర్తు, పాత సరుగుడు మొదలో లైట్‌హౌస్ గోడో చూసుకుని అక్కడి నుంచి పై గీతకు ఎన్ని మీటర్లో కొలిచి రాసుకోండి. వానాకాలపు పెద్ద అలలు ఇసుకను లోపలికి లాక్కుపోయి నిట్రగా కోత పెడతాయి, చలి తగ్గాక చిన్న అలలు అదే ఇసుకను తిరిగి తెచ్చి పోస్తాయి. ఆగస్టులో ఒకసారి, మార్చిలో ఒకసారి కొలిస్తే ఈ రాకపోకలు అంకెల్లో దొరుకుతాయి. ఒక్కసారి చూసి ‘సముద్రం ముందుకొచ్చేసింది’ అనడం తప్పు. ఒకే నెలలో, ఏడాది తేడాతో తీసిన కొలతలను పోలిస్తేనే ఆ మాట అనాలి.

తర్వాత ఇసుక రంగు. భావనపాడు, కళింగపట్నం వైపు ఇసుకలో నల్లటి, ఎర్రటి చారలు కనిపిస్తాయి. నలుపు ఎక్కువగా ఇల్మెనైట్ అనే ఖనిజం, ఎరుపు గార్నెట్ అనే ఖనిజం. అల గట్టిగా కొట్టినప్పుడు తేలికైన తెల్ల రేణువులు కొట్టుకుపోయి బరువైనవి మిగులుతాయి, అందుకే పోటు గీత దగ్గర, గాలివాన మర్నాడు ఈ చారలు చిక్కగా ఉంటాయి. అయస్కాంతాన్ని పలుచని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి పొడి ఇసుకలో తిప్పితే కొన్ని నల్ల రేణువులు అంటుకుంటాయి. కవర్‌ను తిరగేస్తే రాలిపోతాయి. కవర్ లేకుండా ముంచితే మాత్రం ఆ రేణువులు అయస్కాంతాన్ని ఇక వదలవు.

ఇంకొంచెం పైకొస్తే బాలబంద తీగ. ఆకు చివర రెండుగా చీలి ఉంటుంది, ఊదా పూలు ఉదయం విచ్చుకుని ఎండ ముదిరేసరికి వాడిపోతాయి. ప్రతి కణుపు దగ్గరా వేరు దింపుతూ ఇసుకను పట్టి ఉంచేది ఇదే. తీగ ఉన్న చోట దిబ్బ ఎత్తు, బండ్లు తిరిగి తీగ చచ్చిన చోట దిబ్బ ఎత్తు పక్కపక్కనే చూడండి, దాని విలువ మీకే తెలుస్తుంది. దయచేసి దాని మీద బండి నడపకండి.

ఆ పైన మొగలి పొదలు, సరుగుడు వరుసలు. మొగలిని తాటి జాతి అనుకునేవాళ్లున్నారు, కాదు. కాండం నుంచి ఊతకర్రల్లా కిందికి దిగే వేళ్లు, మూడు వరుసలుగా మెలితిరిగే ముళ్ల ఆకులు దాని గుర్తు. సరుగుడుకి సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, సన్నటి కొమ్మలు. ఒకదాన్ని లాగితే కణుపు దగ్గర ఊడుతుంది, ఆ కణుపు చుట్టూ పళ్లలా ఉన్న చిన్న పొలుసులే అసలు ఆకులు.

4. ఏ చెట్టు ఏది

దూరం నుంచి తల చూసి చెప్పేయొచ్చనుకుంటాం. తాడి విషయంలో నిజమే, ఇక్కడి తోటల్లో విసనకర్ర ఆకు మరి దేనికీ లేదు. ఈకల్లా చీలిన ఆకులున్న చెట్ల దగ్గరే తడబాటు. కొబ్బరి, ఈత, ఆయిల్‌పామ్, పోక, పట్టణాల్లో నాటే రాయల్ పామ్ అన్నీ అలాంటివే.

రాలిపడిన రెబ్బ ఒకటి తీసుకుని, మట్టకు అతికి ఉన్న చోట అడ్డంగా తుంచి ఆ కొసను చూడండి. కొబ్బరి రెబ్బ ఇంటి కప్పులా మధ్యలో పైకి లేచి రెండు వైపులా కిందికి వాలి ఉంటుంది. ఈత రెబ్బ దానికి తిరగేసి ఉంటుంది, నడుమ గాడి, అంచులు పైకి. ఆయిల్‌పామ్, పోక రెబ్బలు కొబ్బరి లాగే. తాటాకు మడతలు, ఏజెన్సీలోని జీలుగు రెబ్బలు ఈత లాగే. ఎండి ముడుచుకుపోయిన రెబ్బతో ఈ పరీక్ష కుదరదు, పచ్చిది కావాలి.

ఆ తర్వాత మట్ట మొదలు. ఈత మట్ట అడుగున రెబ్బల బదులు పొడవాటి గట్టి ముళ్లుంటాయి, వేలితో తడమకండి. ఆయిల్‌పామ్ మట్ట అంచునా ముళ్లుంటాయి, పైగా దాని రెబ్బలు ఒకే వరుసలో ఉండక నానా దిక్కులకూ లేచి తల చిందరవందరగా కనిపిస్తుంది. తాటి మట్టకు రెండంచులా నల్లటి రంపపు పళ్లు. కొబ్బరి మట్ట నున్నగా ఉంటుంది. పోకకి సన్నటి కాండం, తల కింద నున్నటి పచ్చటి బొంగు. జీలుగును చేప తోకలాంటి రెబ్బను చూసి పోల్చుకోవచ్చు. అది పై నుంచి కిందికి గెలలు వేసుకుంటూ వచ్చి చివరి గెలతో చచ్చిపోతుంది.

5. కొబ్బరి చెట్టును చదవడం

అసలు పని ఇదే. ఒక చెట్టుకు అరగంట కేటాయించండి, పది చెట్లను తొందరగా చూడ్డం కన్నా అది మేలు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానం తోటలకన్నా ఇందుకు మంచి చోటు లేదు. తోట ఎవరిదో కనుక్కుని అడిగి అడుగుపెట్టండి. కాయలు, ఎండు మట్టలు వేలాడుతున్న చెట్టు కింద ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు, పక్క నుంచే చూడాలి.

ముందు అర్థం చేసుకోవాల్సింది కొబ్బరికి మామిడిలా ఏటేటా లావెక్కే పొర లేదన్నది. మొవ్వు (తల నడుమ ఉండే చిగురు) కింద ఒకసారి ఏర్పడ్డ కాండం మందం దాదాపు అంతే ఉండిపోతుంది, తగిలిన గాయం పూడదు. కాబట్టి కాండం మీద ఉన్నదంతా ఆ చెట్టు బతుకు చిట్టా. కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. కత్తితో పేర్లు చెక్కడం ఎందుకు దుర్మార్గమో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది.

మట్ట మచ్చలు లెక్కపెట్టండి. ఊడిన ప్రతి మట్టా కాండం మీద ఒక మచ్చ వదులుతుంది. నాటు పొడుగు రకం ఏడాదికి సుమారు 12 మట్టలు వేస్తుంది, తలకట్టులో 30 నుంచి 35 నిలుస్తాయి. మచ్చలు 240 ఉన్నాయనుకోండి. 240ని 12తో భాగిస్తే 20 ఏళ్లు. తలలో ఉన్న 30 మట్టలకు రెండున్నర, కాండం కనపడక ముందు గడిచిన నాలుగైదు ఏళ్లు కలిపితే వయసు 27 ప్రాంతం. ఇందులో తప్పులు రెండు చోట్ల జరుగుతాయి. ఒక మీటరులో మచ్చలు లెక్కపెట్టి మొత్తం ఎత్తుతో గుణించేస్తారు. చెట్టు చిన్నప్పుడు మచ్చల మధ్య ఎడం ఎక్కువ, ముదిరాక తక్కువ, అందుకని కింద, నడుమ, పైన మూడు చోట్ల కొలవాలి. రెండోది, ఎక్కడానికి కొట్టిన గంట్లను మచ్చలుగా లెక్కేస్తారు. గంటు ఒక పక్కనే ఉంటుంది, మచ్చ కాండం చుట్టూ తిరుగుతుంది. నీటి ఎద్దడి తోటల్లో మట్టలు తక్కువ వస్తాయి, అక్కడ ఏడాదికి 10 చొప్పున లెక్కించడం మంచిది.

ఎత్తుకు నీడ చాలు. చదునైన చోట, ఉదయం 9, 10 మధ్య మీటరు కర్రను నిలబెట్టి దాని నీడ కొలవండి. కర్ర నీడ 80 సెంటీమీటర్లు, చెట్టు నీడ 12 మీటర్లు అయితే ఎత్తు 15 మీటర్లు. వాలిన చెట్టుకు ఈ లెక్క చెల్లదు, నిటారుదాన్నే ఎంచుకోండి.

వంపులో తుపాను ఉంటుంది. గాలికి ఒరిగిపోయినా వేళ్లు తెగని కొబ్బరి, ఆ తర్వాత మొవ్వును మళ్లీ ఆకాశానికి తిప్పుకుంటుంది. ఒరిగిన భాగం ఒరిగినట్టే ఉండి, పైభాగం లేస్తుంది. ఆ మలుపు నుంచి తల కింది దాకా మచ్చలు లెక్కపెట్టి 12తో భాగించి, తలలోని మట్టలకు రెండున్నర ఏళ్లు కలిపితే ఒరిగి ఎన్నేళ్లయిందో ఇంచుమించుగా వస్తుంది. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస తీరంలో తీరం దాటాయి. ఉద్దానంలో ఎక్కువ మలుపులు చివరి దానివే. మలుపుకి కాస్త పైన కాండం సన్నబడి మళ్లీ లావెక్కితే, తుపానుకి మట్టలు పోయి చెట్టు తిండి లేక తిప్పలుపడ్డ కాలం అది. కరవు వచ్చిన ఏళ్లలోనూ ఇలాగే సన్నబడుతుంది, కాబట్టి మలుపు లేకుండా సన్నబడిన చోటును తుపాను ఖాతాలో వేయొద్దు.

ఒరిగిన దిక్కు కూడా రాయండి. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. తీరం దాటే వేళ కేంద్రానికి ఉత్తరాన ఉన్న ఊళ్లలో గాలి సముద్రం మీంచి నేలకు, దక్షిణాన ఉన్న ఊళ్లలో నేల మీంచి సముద్రానికి వీస్తుంది. తిత్లీకి ఉత్తరాన ఉన్న కవిటి వైపు ఇరవై చెట్లు, దక్షిణాన ఉన్న కళింగపట్నం వైపు ఇరవై చెట్లు దిక్సూచితో చూసి పోల్చండి. ఒకటి రెండు చెట్లతో తీర్మానం చేయకూడదు. పక్క చెట్టు నీడకు తప్పుకుని వెలుగు కోసం వంగినవీ, గట్టు జారి వంగినవీ మధ్యలో కలుస్తాయి. వెలుగు కోసం వంగిన చెట్టు మొదలు నుంచే మెల్లగా వంగుతుంది, గాలికి ఒరిగినదానికి మలుపు ఒకే చోట ఉంటుంది. తోటలో ఒకే ఎత్తున్న లేత చెట్లు వరుసలుగా ఉంటే, పెద్ద చెట్లు పోయాక ఒక్కసారే నాటినవని తెలుస్తుంది.

ఇప్పుడు తల. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు పై మట్టలు నిటారుగా, నడుమవి అడ్డంగా, కిందివి వాలి తల గుండ్రంగా ఉంటుంది. గెలలు వయసు వరుసలో ఉంటాయి. పూత విచ్చిన దగ్గర్నుంచి కాయ ముదరడానికి దాదాపు 12 నెలలు, బొండాం 6, 7 నెలల కాయ. పై నుంచి కిందికి చూస్తే నెలకో గెల చొప్పున ఏడాది మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. నడుమ రెండు మూడు గెలలు ఖాళీగా ఉంటే ఆ నెలల్లో పిందె రాలిందన్న మాట. ఎండ, నీళ్లు, పురుగు, కారణం ఏదైనా వెనక్కి లెక్కపెట్టి ఏ నెలో పట్టుకోవచ్చు.

ఆకు మీద కత్తెరతో కత్తిరించినట్టు త్రిభుజాకారపు కోతలు, అదీ ఈనెకు రెండు వైపులా సరిగ్గా ఒకేలా ఉంటే కొమ్ము పురుగు పని. మట్ట ఇంకా మొవ్వులో ముడుచుకుని ఉండగా పురుగు అడ్డంగా తొలిచింది, విచ్చుకున్నాక కోత రెండు వైపులా బయటపడింది. అంటే మీరు ఇవాళ చూస్తున్న దెబ్బ కొన్ని నెలల నాటిది, ఇప్పుడు పురుగు ఉందో లేదో తెలియాలంటే మొవ్వునే చూడాలి. కాండం మీద రంధ్రాలు, వాటి నుంచి గోధుమరంగు రసం, నమిలిన పీచు ఉంటే ఎర్రముక్కు పురుగు, ఇది ప్రాణాంతకం. మొదలు దగ్గర ఎర్రటి బంక కారుతూ కింది మట్టలు వాలిపోతుంటే గానోడెర్మా తెగులు అనుమానించాలి. ఆకు అడుగున తెల్లటి చుట్టలు, కింద ఉన్న ఆకుల మీద నల్లటి మసి ఉంటే తెల్లదోమ. కాండం మీది తెల్ల, బూడిద రంగు మరకలు మాత్రం ఎక్కువగా పాచిజాతివే, వాటితో చెట్టుకు నష్టం లేదు. కొబ్బరికి పెరిగే చోటు ఒక్కటే, మొవ్వు. అది కుళ్లితే తల పచ్చగా ఉన్నా చెట్టు పోయినట్టే.

6. తాడి, ఈత

అందాన్ని కొబ్బరికి వదిలేస్తే, చూడాల్సిన జీవాలు ఎక్కువున్నది తాడి మీదే. భోగాపురం, పూసపాటిరేగ వైపు పొలం గట్ల మీది తాళ్లు ఇందుకు బాగుంటాయి. పోతు తాడి, పండు తాడి వేర్వేరు చెట్లు. పూత రావడానికి పన్నెండేళ్లు, ఒక్కోసారి అంతకు మించీ పడుతుంది, ఆ లోపు ఏదేదో చెప్పలేం. వేళ్లలాంటి పొడవాటి గెలలుంటే పోతు, ముంజెలుంటే పండు. ఆకు మొదలు కాండాన్ని కావలించుకునే చోట రెండుగా చీలి ఉంటుంది. ఆ సందులో పక్షులు వేసిన గింజ నుంచి మర్రో రావో మొలిచి తాడిని చుట్టేయడం మన పొలాల్లో మామూలే. వాన కాలంలో గిజిగాడి గూళ్లు ఏ వైపు వేలాడుతున్నాయో దిక్సూచితో చూడండి, నైరుతి గాలికి చాటుగా తూర్పు వైపున ఎక్కువుంటాయి. వేలాడే ఎండు తాటాకుల చుట్టూ సన్నటి రెక్కలతో ఆగకుండా తిరిగే చిన్న పిట్టలు ఆకు లోపలి వైపు ఉమ్మితో గూడు అంటించుకునేవి. అందుకే ఎండాకులన్నీ కొట్టేసిన చెట్టు దగ్గర అవి కనిపించవు.

ఈత దగ్గర చూడాల్సింది కల్లు గీసిన గంట్లు. పాతవి కింద, కొత్తవి పైన. గీయని చెట్టు కాండం మీద మట్టల మొదళ్లు పొలుసుల్లా వరుసగా ఉంటాయి.

7. ఎక్కడికి వెళ్లాలి

కళింగపట్నంలో వంశధార ముఖద్వారం. నదీ ముఖాల దగ్గర ఇసుక నాలుక ఏ వైపు పెరుగుతోందో గమనించండి. నైరుతి గాలుల కాలంలో అలలు ఇసుకను ఈశాన్యానికి నెడతాయి, చలికాలంలో వెనక్కి, మొత్తం మీద ఉత్తరం వైపు జరిగేదే ఎక్కువ. దగ్గర్లోని సాలిహుండం కొండెక్కితే నది, తోటలు, తీరం ఒకే చూపులో అందుతాయి. బారువలో మహేంద్రతనయ కలిసే చోటు. విజయనగరం వైపు కోనాడలో చంపావతి, చింతపల్లిలో లైట్‌హౌస్. సెప్టెంబరు నుంచి మార్చి మధ్య వెళ్తే టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు కూడా చూడొచ్చు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రుళ్లు ఈ ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో చీకటి పడ్డాక టార్చి, ఫ్లాష్ వద్దు. వెలుగుకి తల్లి గుడ్లు పెట్టకుండా తిరిగిపోతుంది, పిల్లలు సముద్రం అనుకుని వెలుగు వైపు పోతాయి. ఈదాలని దిగేవాళ్లకు ఒక మాట: వరుస అలల మధ్య అల విరగకుండా నల్లగా, నిశ్చలంగా కనిపించే సందు భద్రమైన చోటు కాదు, నీళ్లు లోపలికి లాగే చోటు.

8. దీవిలో ఏం మారుతుంది

పోర్ట్ బ్లెయిర్, 2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం, మనకన్నా దాదాపు 9 డిగ్రీలు తూర్పున ఉంది. గడియారం ఒకటే అయినా నడిమధ్యాహ్నం అక్కడ 35 నిమిషాలు ముందే అయిపోతుంది. ఉదయపు నడక ఆ మేరకు ముందుకు జరపండి.

ఇసుక పరీక్ష మొదట చేయండి. అరచేతిలో చిటికెడు తెల్ల ఇసుక వేసి రెండు చుక్కల వెనిగర్ వేస్తే నురగ వస్తుంది. అది పగడం, గవ్వల పొడి, అంటే సున్నం. మన ఉద్దానం ఇసుకలో గవ్వ ముక్క పడితే తప్ప నురగ రాదు. పగడపు దిబ్బలు బయటే అలను విరగ్గొట్టే చోట ఒడ్డున నీరు చెరువులా ఉంటుంది. అంచున సరుగుడు వరుసల బదులు సముద్రపు ఇప్పలాంటి పెద్ద చెట్లు నీళ్ల మీదికి ఒరిగి ఉంటాయి. బురద కాలవల్లో మడ అడవి, దాని అంచున కాండం పైకి కనిపించకుండా బురదలోంచి నేరుగా లేచే పొడవాటి మట్టల నీప చెట్టు. ఈకల ఆకు చూసి దాన్ని కొబ్బరి పిల్ల అనుకోవడం అక్కడ మామూలు పొరపాటు. మడ వెనక ఈతకు చుట్టమైన బురద ఈత గుంపులుగా ఉంటుంది, రెబ్బ కొస చూస్తే నడుమ గాడి కనిపిస్తుంది.

కొబ్బరి దీవిలో తనంతట తానే పెరిగిందని అనుకోవద్దు. కాయ ఉప్పునీటిలో మూడు నాలుగు నెలలు తేలినా మొలవగలదు, నికోబార్‌లో పూర్వం నుంచీ విరివిగా ఉంది. కానీ బ్రిటిషువాళ్లు 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడే నాటికి అండమాన్‌లో కొబ్బరి దాదాపు లేదు, ఇప్పుడు చూసేది చాలావరకు మనుషులు నాటిందే. వరుసలు, సమాన ఎడం ఉన్నాయా చూడండి. ఉప్పు నీళ్ల మధ్య చెట్టు ఎలా బతుకుతుందంటే, ఇసుకలో ఇంకిన వాన నీరు తేలిక కాబట్టి ఉప్పు నీటి మీద పొరగా నిలుస్తుంది. లెక్క ప్రకారం సముద్ర మట్టానికి పైన 1 మీటరు మంచినీరు నిలిస్తే కింద సుమారు 40 మీటర్ల మంచినీరు ఉన్నట్టు. బావులు అతిగా తోడితే ఆ పొర పలచబడి, అంచు చెట్ల కింది మట్టలు కొసల నుంచి మాడడం మొదలవుతుంది.

పోర్ట్ బ్లెయిర్ దగ్గర సిప్పీఘాట్‌లో 2004 డిసెంబరు 26 భూకంపానికి నేల కుంగి పొలాల్లోకి సముద్రం వచ్చింది. ఉత్తర అండమాన్‌లో అదే రోజు నేల పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. చెట్ల వరుస నీళ్లలో నిలబడి ఉందా, పాత ఒడ్డు ఎండలో తేలి ఉందా అన్నది చూసి ఏ వైపు దీవో చెప్పొచ్చు. మడ కాలవల దగ్గర ఉప్పునీటి మొసళ్లుంటాయి. హెచ్చరిక బోర్డున్న చోట నీటి అంచుకు వెళ్లకుండా వంతెన మీంచో పడవలోంచో బైనాక్యులర్‌తో చూడండి. పగడం ముక్క, గవ్వ, పరీక్ష చేసిన ఇసుక ఏదీ సంచిలో వేసుకోకుండా తీసిన చోటే వదిలేయండి.